మొక్కు లేని ప్రయాణం

వడ్డేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఆడమనిషి ఊరు దాటి పోవాలంటే ఏదో ఒక కారణం ఉండాలి. పెళ్లికి పోవచ్చు, చావుకు పోవచ్చు, దవాఖానకు పోవచ్చు, దేవుడి దగ్గరికి పోవచ్చు. బొంబాయికో పుణెకో మట్టి పనికి పోయేవాళ్లున్నారు కదా అంటారేమో, దాన్ని ప్రయాణమని ఎవరంటారండీ, అది పొట్ట తిప్పలు. ఇవేవీ కాకుండా ఊరికే చూసిరావడానికి, కూర్చుని రావడానికి పోతానన్న ఆడమనిషి ఆ పల్లెల్లో సుభద్రమ్మ కంటే ముందు పుట్టలేదు. ఆ ఒక్క మాట నోటి నుంచి బయటికి రావడానికి ఆమెకు ఎంత గండమైందో చెబుతాను, వినండి.

సుభద్రమ్మ పుట్టింది కోడేరు వైపు, మెట్టింది ఇక్కడ. మద్దిలేటి చేయి పట్టుకుని ఈ ఇంట్లో కాలు పెట్టేనాటికి ఆమెకు పదిహేనేళ్లు కూడా నిండలేదు. ఈ కథ జరిగేనాటికి నలభై దగ్గర పడుతోంది. నాలుగెకరాల చెలక, అందులో బోరు కింద కాస్త సీడు పత్తి, రెండు బర్రెలు, వనపర్తిలో పాలిటెక్నిక్ చదివే కొడుకు, ఇంట్లో అత్త జమ్ములమ్మ, అదీ ఆమె సంసారం. సీడు పత్తి అంటే మామూలు పత్తి కాదు, కంపెనీవాళ్లకు విత్తనం తీసిచ్చే పత్తి. తెల్లారితే విచ్చుకోబోయే మొగ్గలను ముందురోజు సాయంత్రమే ఒక్కొక్కటిగా గోటితో ఒలవాలి. పొద్దున్నే మగపువ్వు తెంపుకొచ్చి ఒక్కొక్కదానికీ రుద్దాలి. ఒక్క మొగ్గ కళ్లుగప్పి తప్పించుకున్నా విత్తనం కల్తీ అవుతుంది. ఆ కాలమంతా సుభద్రమ్మ చేనికి కూలికొచ్చిన ఆడవాళ్లు నడుము వాల్చి ఎరగరు. ముందు ఆమె వాల్చితే కదా! "సుభద్రమ్మ చేన్ల పనంటే అత్తగారింట్ల ఉన్నట్లే" అని మూతి తిప్పుకునేవాళ్లు. తిప్పుకున్నవాళ్లే మర్నాడు మళ్లీ ఆమె గట్టు మీదే తేలేవాళ్లు, ఎందుకంటే సద్దిమూట విప్పితే ఒక్కతే తినే రకం కాదామె.

ఆ ఏడు, రెండువేల ఏడో ఎనిమిదో, మాఘమాసంలో సీడు ఆర్గనైజర్ రాఘవేందర్ మోటర్ సైకిల్ మీద ఎగురుకుంటూ వచ్చాడు. ఆర్గనైజర్ అంటే కంపెనీకీ రైతుకూ మధ్య మనిషి. విత్తనం ఇచ్చేదీ అతనే, పంట కంపెనీకి చేర్చేదీ అతనే. సుభద్రమ్మకు దూరపు వరసలో తమ్ముడు.

"అక్కా, ముందు నోరు తీపి చెయ్యి! నీ సీడు పాసైందనుడు కాదు, మా బ్యాచ్ మొత్తంల నీదే ఫస్టు. కంపెనోల్లు నీకూ బావకూ అండమాను టూరు ఇచ్చిండ్రు!"

మద్దిలేటి నులకమంచం మీద నుంచి దిగ్గున లేచాడు.

"అండమానా? అది జైలు గదరా! మేమేం తప్పు జేస్తిమి?"

"అయ్యో బావా, ఆ కాలం పోయింది. ఇప్పుడు ఆడికి ఉన్నోల్లు పోతున్నరు, కొత్తగ పెండ్లయిన జంటలు పోతున్నరు. మద్రాసు దాకా రైలు, ఆడికెల్లి విమానం. తిండి, రూము అన్ని కంపెనీవే. మీరు పోయి రావుడే."

"మొన్ననే గద ఆడ సునామీ వచ్చింది?"

"రోజొస్తదా ఏంది?"

మద్దిలేటి మంచి మనిషే కానీ గుండె పిరికి. నీళ్లంటే భయం, ఎత్తంటే భయం, వాళ్లమ్మంటే ఆ రెండిటికంటే ఎక్కువ భయం. విమానం అనగానే అతని మొహం వాడిన తోటకూర కాడలా వేలాడింది. సుభద్రమ్మ అదేమీ చూడలేదు. రాఘవేందర్ చేతిలో పెట్టిన రంగుల కాగితాన్నే చూస్తోంది.

ఆ కాగితం మీద ఒక దీవి ఉంది. తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు, ఇక కంటికి ఆనినంత దూరం నీళ్లే నీళ్లు. ఇసుక మీద ఒకామె కాళ్లు రెండూ బారజాపుకుని కూర్చుంది. అలలు వచ్చి పాదాలకు తగులుతున్నాయి. పక్కన ఎవరూ లేరు.

"గీమె ఏం జేస్తుంది ఈడ కూసోని?" అని అడిగింది.

"ఏం జేస్తలేదక్కా."

"మరెందుకు కూసున్నది?"

"ఊకెనే. టూరంటే గదే. పోవాలె, సముద్రంల కాళ్లు పెట్టుకొని కూసోవాలె, రావాలె."

సుభద్రమ్మకు ఆ మాట ఎక్కడో పోయి తగిలింది. నవ్వకండి గానీ, ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె కాళ్లు చాపుకుని కూర్చోలేదు. అత్త ముందు కోడలు కాళ్లు చాపడమా, ఇంకేమన్నా ఉందా! అత్త లేనప్పుడు మామ ఉండేవాడు. మామ పోయాక వచ్చేపోయే చుట్టాలు. చేనులో పని నిలబడి, దూది ఒలవడం గొంతుక్కూర్చుని, అన్నం తినడం మడిచిన మోకాలు మీద. దేవుడి దగ్గరికి పోయినా లైనులో నిలబడడమే. ఒక్కసారి, చచ్చేలోపు ఒక్కసారి, ఎవరూ లేవమనని చోట, ఎవరికీ ఏమీ వండిపెట్టక్కర్లేని చోట అలా కాళ్లు చాపుకుని కూర్చోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. ఇంత చిన్న కోరిక అంత గట్టిగా పట్టుకుంటుందని ఆమే అనుకోలేదు.

కానీ అత్త ఊఁ అనాలి. పది దినాల పాటు ఇల్లూ బర్రెలూ చూడాలంటే ఆమె తప్ప ఇంకో దిక్కు లేదు. ఆమె ఊఁ అంటే ప్రయాణం, ఉహూఁ అంటే రంగుల కాగితం పొయ్యిలోకి.

జమ్ములమ్మకు డెబ్బై దాటాయి. గద్వాల గ్రామదేవత జమ్ములమ్మ తల్లి పేరు పెట్టుకున్న మనిషి, ఆ తల్లిలాగే నిటారుగా ఉంటుంది. ఆమె తిరగని యాత్ర లేదు. శివరాత్రికి నల్లమల గుండా శ్రీశైలం నడిచిపోయింది. తిరుపతి, మంత్రాలయం, అలంపురం, ఏటేటా కురుమూర్తి జాతర. ఆ వాడకట్టులో యాత్రలకు ఆమే పెద్ద. అక్కడో పద్ధతి ఉంది. యాత్రకు పోయే మనిషి తన ఒక్కతి కోసం పోదు. కష్టాల్లో ఉన్నవాళ్లంతా పసుపు గుడ్డలో ముడుపు కట్టి, కోరిక చెప్పి, ఆమె చేతిలో పెడతారు. పోయే మనిషి దాన్ని ఒక్కపొద్దు ఉండి మోసుకుపోవాలి, ఫలానా వాళ్ల మొక్కని చెప్పి దేవుడికి అప్పజెప్పాలి, ప్రసాదం తెచ్చి ఇంటింటికీ పంచాలి. మోసిన మనిషికి పుణ్యంలో పాలు ఉంటుందని పోయేముందు ఆమె కాళ్లకు మొక్కుతారు కూడా.

సాయంత్రం బర్రెలు ఇంటికొచ్చే వేళకు మద్దిలేటి తలగోక్కుంటూ తల్లి ముందు నిలబడ్డాడు. సుభద్రమ్మ గడప లోపల తలుపు చాటున ఉంది.

"అమ్మా, కంపెనోల్లు మా ఇద్దర్ని జర దూరం తీసుకపోతరంట. అండమాను."

జమ్ములమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ తల ఎత్తకుండానే అడిగింది. "ఆడ ఏ దేవుడున్నడు?"

అదీ ప్రశ్న. రాఘవేందర్ చెప్పిన వివరాల్లో సముద్రం ఉంది, పడవ ఉంది, చేపల కూర ఉంది. దేవుడి ఊసు మాత్రం ఎక్కడా లేదు. మద్దిలేటికి చెమటలు పట్టాయి. నిజం చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. దేవుడు లేని ఊరికి మొగుడూపెళ్లాలు పోవడమేందిరా, సిగ్గులేదా అంటుంది. అందుకే నోటికొచ్చింది వదిలేశాడు.

"గంగమ్మ! గంగమ్మ తల్లి ఉన్నదే అమ్మా. సముద్రం నడుమ వెలిసింది. చానా సత్యం గల తల్లి."

జమ్ములమ్మ సున్నం చెయ్యి ఆగిపోయింది. "సముద్రం నడుమనా? నేను ఎన్నడూ ఇనకపోతినే!" అని రెండు చేతులూ ఎత్తి మొక్కింది. తర్వాత తలుపు వైపు చూసి, "అవునానే సుభద్రా? ఎట్లుంటదంట ఆ తల్లి?" అంది.

సుభద్రమ్మ అప్పుడే బయటికొచ్చి, అదేం లేదత్తా, ఈయన కోతలు కోస్తున్నాడు అని ఉంటే ఈ కథే లేదు. కానీ కళ్ల ముందు ఆ నీళ్లు కదులుతున్నాయి. "తెల్లచీర కట్టుకొని ఉంటదంట అత్తా" అనేసింది. ఆ తెలుపు ఏమిటో మీకు తెలుసు, అలల మీది నురుగు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఎంత బాగా అతికిందంటే, జమ్ములమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోయిరాండ్రి. బర్లను నేను జూస్త" అంది.

ఇక చూడండి తమాషా. మర్నాడు పొద్దెక్కకముందే వార్త వాడకట్టంతా పాకింది. జమ్ములమ్మకే తెలియని తల్లి, సముద్రం నడుమ వెలిసిన తల్లి! ఎవరి కష్టాలు వాళ్లకు గుర్తొచ్చాయి. పక్క వీధి కురుమూర్తి కొబ్బరికాయ చంకన పెట్టుకుని వచ్చాడు. వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కినవాడు పాపం.

"నీళ్ల సంగతి నీళ్ల తల్లినే అడగాలె గద చెల్లె. మర్చిపోకుండ నా పేరు చెప్పు. వడ్డేపల్లి కురుమూర్తి అని చెప్తే ఏ కురుమూర్తో అనుకుంటదేమో, ఊరి పేరుతోని చెప్పు."

ఒకామె రవికగుడ్డ తెచ్చింది, ఒకామె పసుపు కుంకుమ తెచ్చింది, ఇంకొకతను వాళ్లమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అంతా పూసగుచ్చినట్టు చెప్పి టెంకాయ ఇచ్చిపోయాడు. మూలన కొబ్బరికాయలు గుట్టపడ్డాయి. రంగుల కాగితం నిండా ఉన్నవి కొబ్బరి చెట్లే కదా, ఆ దీవికి మనం కొబ్బరికాయలు మోసుకుపోవాలా అని సుభద్రమ్మకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. ఇచ్చేవాళ్ల మొహాలు చూస్తుంటే అన్నం సయించడం మానేసింది. అందరూ ఆమె చేతులు పట్టుకుని చెబుతున్నారు. నిన్నటిదాకా మొగుడికి కూడా చెప్పని బాధలు ఆమెకు చెబుతున్నారు.

చేనులో పత్తి కట్టె పీకుతూ మొగుడి దగ్గర బయటపడింది.

"ఇంక నాతోని కాదయ్యా. గీ మొక్కులన్ని నేను యాడ పెట్టాలె?"

మద్దిలేటి ఈ సంగతి ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. "గంగమ్మ యాడైన గంగమ్మనే గదనే! సముద్రమంటే గంగమ్మ కాదా? నీళ్లల్ల వదిలి దండం పెడితే అయిపాయె. అబద్ధం ఎట్లయితది?"

మాట వినడానికి బాగానే ఉంది. సుభద్రమ్మ కూడా ఒక సాలు పీకేదాకా ఆ మాటతో సరిపెట్టుకుందామని చూసింది. సరిపడలేదు.

"అబద్ధం గంగమ్మ కాడ లేదు. నా కాడ ఉన్నది. నేను ఆల్ల కోసం పోతున్న అనుకుంటుండ్రు. ఒక్కపొద్దు ఉండి, వాళ్ల పేర్లు యాది పెట్టుకొని పోత అనుకుంటుండ్రు. నేను నా కోసం పోతున్న. ఉత్తగ కూసుంటందుకు పోతున్న."

"అయితే నిజం చెప్పు పో. చెప్పినంక మా అమ్మ బర్లను చూస్తదా? టూరు గోవిందా."

సుభద్రమ్మ చేతిలోని కట్టెను గట్టు మీదికి విసిరికొట్టింది. కోపం మొగుడి మీద కాదు, అత్త మీద కూడా కాదు. ఇన్నేళ్ల కష్టానికి ఒక్కసారి తనకోసం తాను కాలు బయట పెట్టాలంటే దేవుడి పేరు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చిందే అని కోపం. సిగ్గు కూడా. కళ్లు తుడుచుకుని మళ్లీ కట్టె పీకింది. పని మాత్రం ఆగలేదు, అది ఆమె నైజం.

శుక్రవారం పొద్దున జమ్ములమ్మ వాకిలి అలికి ముగ్గు పెట్టించి అందరినీ రమ్మంది. ముడుపులన్నీ పద్ధతిగా ఒక్క మూటలో కట్టి కోడలి నెత్తిన పెట్టాలని ఆమె ఏర్పాటు. మర్నాడు రాఘవేందర్ టికెట్ల కోసం పేర్లూ ఓటు కార్డులూ పట్టుకుపోతానన్నాడు కాబట్టి ఆలోపే ఈ పని అయిపోవాలంది. ఆడవాళ్లంతా వచ్చారు. కురుమూర్తి అరుగు చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సుభద్రమ్మను పీట మీద కూర్చోబెట్టి నుదుట బొట్టు పెట్టారు.

అందరికంటే ఆఖరున పక్కింటి నవనీత వచ్చింది. చంకలో కూతురు. ఆ పిల్లకు నాలుగో ఏడు నడుస్తోంది, ఇప్పటిదాకా ఒక్క మాట రాలేదు. అమ్మా అని కూడా అనదు. నవనీత కొంగు ముడి విప్పి చిన్న ఇత్తడి గంట తీసింది. మాటలు రాని పిల్లల కోసం గుడిలో గంట కట్టిస్తామని మొక్కుకోవడం అక్కడి ఆచారం.

"అక్కా, ఇది ఆ తల్లి కాడ కట్టు. నా బిడ్డ ఒక్కసారి అమ్మా అంటే చాలని చెప్పు. ఇంక నేనేం అడగ" అని గంట చేతిలో పెట్టి, పిల్లను దించి, ఇద్దరూ వంగి సుభద్రమ్మ పాదాలు ముట్టుకోబోయారు. పిల్లకు ఏం తెలుసు, తల్లి చేసినట్టే చేసి ఆ చిన్న అరచేతులు ఆమె కాలి వేళ్ల మీద పెట్టింది.

సుభద్రమ్మ నిప్పు తొక్కినట్టు కాళ్లు వెనక్కి లాక్కుంది. పీట పక్కకు జారింది.

"వద్దు నవనీతా! నా కాళ్లు మొక్కకు. నేను యాత్రకు పోతలేను."

జమ్ములమ్మ పసుపు గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. "ఏందే గట్లంటవ్?"

"గంగమ్మ లేదత్తా. తెల్లచీర లేదు. ఆడ గుడి ఉన్నదో లేదో నాకు తెల్వదు, ఉంటే ఉండొచ్చు. నేను గుడికి పోతలేను. సముద్రం ఒడ్డున కాళ్లు సాపుకొని కూసుంటందుకు పోదామనుకున్న. గంతే. ఊకెనే. నా కోసమే." అత్త వైపు తిరిగింది. "నువ్వు పోనియ్యవని అబద్ధం చెప్పినం. మీ మొక్కులు మోసే మొగం నాకు లేదు. తప్పయింది."

మద్దిలేటి మెల్లగా బర్రెల కొట్టం వైపు తప్పుకున్నాడు. "కాళ్లు సాపుకుంటందుకా?" అని ఎవరో చెంపలు వేసుకున్నారు. ఒకామె కిసుక్కున నవ్వింది, మరొకామె ఆమె డొక్కలో పొడిచింది. జమ్ములమ్మ మాత్రం పసుపు గుడ్డను నాలుగు మడతలు పెట్టింది.

"ఎవరి ముడుపు ఆల్లు తీసుకపోండ్రి" అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఒక్కొక్కరే వచ్చి కొబ్బరికాయలు ఏరుకున్నారు. కురుమూర్తి తనది తీసుకుని, "ఉత్తగ కూసుంటందుకు అంత దూరమా చెల్లె" అన్నాడు, కోపంగా కాదు, నిజంగా అర్థం కాక. నవనీత మాత్రం గంట తీసుకోవడానికి చెయ్యి చాపి అలాగే నిలబడింది. కళ్లనిండా నీళ్లు.

"ముందుగాల్నే చెప్తే అయిపోవు గదక్కా. రెండు దినాల సంది ఆశ పెట్టుకున్న."

ఆ మాట సుభద్రమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. పిల్లను దగ్గరికి తీసుకుంది. "సోమారం గద్వాల పోదాం, నేనొస్త నీతోని. చెవుల డాక్టర్‌కు చూపిద్దాం. చెవు ఇనపడకుంటే మాట రాదంట, రాఘవేందర్ వాల్ల పిల్లగానికి గట్లనే అయింది, ఇప్పుడు మాట్లాడుతుండు. గంట సుత కడదాం. జమ్ములమ్మ తల్లి కాడనే కడదాం, నేను పట్టుకుంట, నువ్వు కట్టు." నవనీత గంటను మళ్లీ కొంగున ముడేసుకుని, పోతూ పోతూ, "సోమారం ఎన్ని గంటల బస్సుకు?" అని అడిగింది.

ఆ రోజంతా అత్త కోడలితో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, నీళ్లిస్తే తాగింది, మొహం గోడ వైపే. సుభద్రమ్మకు ఏడుపు కూడా రాలేదు. ప్రయాణం పోయిందని గుండె నిండా బాధ ఉంది, అబద్ధం పోయిందని ఒళ్లంతా తేలిగ్గానూ ఉంది. రెండూ ఒకే కడుపులో ఎట్లా పడతాయో ఆమెకే అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున బర్రెల దగ్గర పాలు పిండుతుంటే మోటర్ సైకిల్ చప్పుడైంది.

"అక్కా, కార్డులియ్యి! బావ యాడ?"

"ఇంకెవరికన్న ఇచ్చెయ్యి తమ్మీ. మేము వస్తలేము."

"అదేంది? నిన్నటిదాక…"

"ఆగు" అని వెనక నుంచి గొంతు వినబడింది. జమ్ములమ్మ గడప దిగి వస్తోంది. రాత్రి నిద్రలేదని ఆ కళ్లే చెబుతున్నాయి. వచ్చి తొట్టి గట్టు మీద కూర్చుంది. మద్దిలేటి కొట్టం గుంజ వెనక నిలబడ్డాడు, అక్కడైతే దెబ్బ తగలదన్నట్టు.

"అబద్ధమాడినందుకు నీ మీద నాకు కోపమున్నది సుభద్రా. అది పోదు, ఉంటది. అది వేరే ముచ్చట" అంది. "నీ మొగడు పుట్టాలని శ్రీశైలం నడిచిపోయిన. పుట్టినంక ఎంటికలిస్త అంటి, తిరుపతి పోయిన. మీ మామకు జరమొస్తే మంత్రాలయం పోయిన. బాయి ఎండినప్పుడల్లా కురుమూర్తి. యాడికి పోయినా ఏదో ఒకటి నెత్తిన పెట్టుకొనే పోయిన. నాది కాకపోతే ఊరోల్లది. శ్రీశైలం తొవ్వల ఆ అడివి ఎట్లుంటదే అని రాత్రి నన్ను నేనే అడుక్కున్న. తెల్వదే నాకు! అడివి అంతా నడిచిన, ఒక్క చెట్టు జూడలే. ఎవరి మొక్కు మర్చిపోతనో అని పేర్లు అనుకుంటనే పోయిన, అనుకుంటనే వచ్చిన."

బర్రె తోకతో ఈగలు తోలుకుంటోంది.

"ఏమీ అడగకుండ పోయే తావు ఒకటి ఉంటదని నాకెవ్వరు చెప్పలే" అంది జమ్ములమ్మ. తర్వాత రాఘవేందర్ వైపు తిరిగి, గొంతు తగ్గించి, చిన్నపిల్ల బెల్లం ముక్క అడిగినట్టు అడిగింది. "ఏం నాయనా, ముసలోల్లను రానిస్తరా ఆడికి?"

సుభద్రమ్మ చేతిలో చెంబు ఒరిగి పాలు కాస్త నేల మీద పడ్డాయి.

"ఎందుకు రానియ్యరు పెద్దమ్మా! రానిస్తరు. కాని టికెట్లు రెండే ఉన్నయి గద…"

"బర్లను నేను జూస్తనే అమ్మా!" అన్నాడు మద్దిలేటి. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే రాఘవేందర్ పడీపడీ నవ్వాడు. "వంట సుత చేసుకుంట. మీరిద్దరు నిమ్మళంగ పోయిరాండ్రి. విమానం అంటే నాకు ఎట్లనో పడదు."

జమ్ములమ్మ కొంగు ముడి విప్పి ఓటు కార్డు తీసింది. ముందే తెచ్చుకుంది చూడండి, ఎంత గట్టి మనిషో! సుభద్రమ్మ కూడా లోపలికి పోయి తన కార్డు తెచ్చి ఇచ్చింది. రాఘవేందర్ రెండూ జేబులో పెట్టుకుని, ఫోటోలకు పక్కనే ఉన్న శాంతినగర్ రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. మద్దిలేటి ఎప్పుడూ లేనిది హుషారుగా చీపురు తీసుకుని కొట్టం ఊడ్వడం మొదలుపెట్టాడు.

సుభద్రమ్మ మళ్లీ బర్రె దగ్గర కూర్చుంది. సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు. ప్రయాణం నిలిచింది, నిజమే. కానీ ఎవరి ముందైతే ఇన్నేళ్లుగా కాళ్లు ముడుచుకుందో ఆమెతోనే పోవాలి. దీవి మీద కూడా వేణ్నీళ్లు పెట్టమంటుంది, ఆకుకు సున్నం తెమ్మంటుంది. సముద్రం ఎంత పెద్దదైతే ఏం, పక్కన అత్త ఉంటే కోడలికి అది వాకిలే. అలా అనుకున్నందుకు తనమీద తనకే చీదర పుట్టింది. పాపం, ముసలామె జీవితంలో మొదటిసారి తనకోసం ఒకటి అడిగింది.

"మొగం అట్ల పెట్టినవేందే?" అంది జమ్ములమ్మ తొట్టి గట్టు మీద నుంచి.

"ఏం లేదత్తా."

"ఉన్నది. నాకు తెల్వదా? నేను సుత ఒకింటి కోడల్నే." ముసలామె కాసేపు బర్రె వీపు వైపు చూసింది. "ఇగో, ఒక్క మాట. విమానం దిగినంక నన్ను అత్తా అని పిలువకు."

సుభద్రమ్మ తల తిప్పి చూసింది. "ఎందుకత్తా?"

"పిలిస్తే నాకు పని చెప్పబుద్ధయితది."

సుభద్రమ్మ నవ్వింది. అత్త ముందు కొంగు అడ్డం పెట్టుకోకుండా, గట్టిగా, కడుపు పట్టుకుని నవ్వింది. కొట్టంలోంచి మద్దిలేటి ఏమైందేమైందని తొంగి చూశాడు.

"మరి ఏమని పిలువాలె?" అని అడిగింది, నవ్వు ఆపుకుంటూ.

జమ్ములమ్మ ఆలోచించింది. కొడుకుకు అమ్మ, వాడకట్టుకు పెద్దమ్మ, కోడలికి అత్త. ఉత్త పేరుతో ఆమెను పిలిచేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ మిగల్లేదు.

"జమ్ములూ అనేటోల్లు మా అమ్మగారింట్ల" అంది కాస్త సిగ్గుపడుతూ. "చూడు, నీ నోటికి వస్తదేమో."